గేటు వేసి వెళ్ళే మనిషి

హెస్టర్ పామ్‌ఫ్రీ పొద్దున్నే లేచి ముందు కెటిల్ పెడుతుంది, తర్వాత వంటింటి కిటికీ తెర పక్కకు లాగుతుంది. నీళ్ళు మరిగేలోపు చూడవలసింది చూసేస్తుంది. ఆమె పెరటి గేటు అవతలే కోకిలదొడ్డి ఉంది. పేరుకే కోకిలదొడ్డి, నేనీ ఊరొచ్చి ఇరవై ఆరేళ్ళయింది, అక్కడ కోకిల కూయగా ఒక్కసారీ వినలేదు. అదొక పధ్నాలుగెకరాల పచ్చిక. రాత్రి కురిసిన మంచులో, ఆ పచ్చిక మీద, పెరటి గేటు దగ్గర మొదలై హైవే మీది పాత బస్ స్టాపు దాకా ఒక వరస అడుగులు పడి ఉంటాయి. మగమనిషి బూటు అడుగులు. ఎడమ మడమ కాస్త లోతుగా దిగుతుంది.

అవి ఆమె భర్త క్లెమ్‌వి. సిటీ బస్సు నడిపేవాడు, క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ బూటు మడమ ఒకవైపు అరిగిపోయి ఉండేది. క్లెమ్ పోయి నాలుగేళ్ళయింది.

ఊళ్ళో దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆ వరస దగ్గరికి రాగానే ఒక అంగ పెద్దదిగా వేసి దాటుతారు. పోస్టు తెచ్చే మనిషి గేటు దగ్గర ఆగి, "ఇవాళ తొందరగానే బయల్దేరాడే!" అని ఒక మాటనేసి వెళ్ళిపోతాడు. గేటు గొళ్ళెం మాత్రం రోజూ వేసే ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ క్లెమ్ గేటు వెయ్యడం మరచిన పాపాన పోలేదు.

బస్ స్టాపు దగ్గర అడుగులు రెండూ పక్కపక్కన నిలబడతాయి. చుట్టూ గడ్డి నలిగి ఉంటుంది, ఎదురుచూసే మనిషి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నట్టు. ఎండెక్కేదాకా అలాగే ఉండి ఆరిపోతాయి. ఆయన ఎక్కవలసిన పధ్నాలుగో నంబరు బస్సును రెండేళ్ళ కిందట తీసేశారు. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళెవరు? హెస్టర్ చెప్పలేదు. బస్సు రాదని తెలిస్తే ఆయన నడవడం మానేస్తాడేమోనని ఆమె భయం.

బస్సు తీసేసిన నెలలోనే హెస్టర్‌కు పెద్దవాళ్ళకిచ్చే ఉచిత బస్సు పాసు వచ్చింది. ఫొటోలో ఆమె ఎవరినో కోప్పడుతున్నట్టు ఉంటుంది. అది టీపొడి డబ్బా వెనక నిలబెట్టి ఉంది. చెల్లెలు డోర్కస్ సిటీలో వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది, తుంటి విరిగి. వారానికి రెండుసార్లు ఫోను చేసి, "నువ్వు చంద్రమండలంలో ఉన్నా ఇంతకంటే ఎక్కువసార్లు వచ్చేదానివే" అని దెప్పుతుంది.

పక్కింటి బ్రయొనీ ఆస్పత్రిలో నర్సు. ఆశ్రమం ఆ పక్క వీధే.

"నాతో కార్లో వచ్చెయ్యండి హెస్టర్ గారూ. ఐదున్నరకి బయల్దేరతాను" అంటుంది ఎప్పుడూ.

"ఐదున్నరకా? అప్పుడు నేను రాలేనమ్మాయ్."

ఎందుకు రాలేనంటోందో బ్రయొనీకి తెలుసు. అడుగులు పడేది ఆ వేళకే. ఇంక రెట్టించేది కాదు.

*

ఫిబ్రవరిలో కౌన్సిల్ వాళ్ళు కోకిలదొడ్డి గేటుకు ఒక పసుపు నోటీసు కట్టారు. ఆ పొలంలో పార్క్ అండ్ రైడ్ కడతారట. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు కార్లు అక్కడ వదిలి బస్సెక్కి సిటీలోకి పోవాలి. ఆరువందల కార్లకు చోటు, పది నిమిషాలకో బస్సు.

పదకొండు మంది వస్తే గొప్పనుకునే ఊరి హాలుకు ఆ వారం నూట ముప్ఫై మంది వచ్చారు. బిస్కెట్లు మొదటి పావుగంటలోనే అయిపోయాయి. రూపర్ట్ స్నెల్ లేచాడు. రిటైరైన లాయరు, జీవితమంతా ఇళ్ళ రిజిస్ట్రేషన్లు చేసి చేసి ఒక్క మంచి తగాదా కోసం మొహం వాచి ఉన్నవాడు.

"ఆరువందల కార్లు! రోజూ! మన కిటికీల ముందు!"

"మీ ఇంట్లోనే రెండున్నాయి కదండీ" అంది బ్రయొనీ. "మిగతా ఐదువందల తొంభై ఎనిమిదేగా కొత్తవి!"

హాలంతా నవ్వింది. స్నెల్ నవ్వలేదు. "నేను సిటీకి పోనమ్మా."

"మీరు పోరు, నేను పోవాలి. ఆస్పత్రి చుట్టూ ముప్పావుగంట ప్రదక్షిణాలు చేసి, ఏ చర్చి వెనక సందులోనో కారు ఇరికించి, అక్కణ్ణించి పరుగు. డ్యూటీ ఎక్కకముందే సగం చచ్చుంటాను."

"మరి గబ్బిలాల మాటేమిటి?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఏ గబ్బిలాలు?"

"ఉండే ఉంటాయి. వెతికితే కదా తెలిసేది!"

కోకిలదొడ్డి వద్దు, రెండు మైళ్ళ అవతల పాత ఇటుకబట్టీల స్థలం ఉంది కదా, అక్కడ కట్టుకోమందాం అన్నాడు స్నెల్. చప్పట్లు మోగాయి. బట్టీల దగ్గర కాపురముండే ఒకావిడ లేచి, "మా కిటికీలు కిటికీలు కావా?" అని అడిగింది. మంచి ప్రశ్న వేస్తే మా ఊళ్ళో అందరికీ ఒక్కసారే దగ్గొస్తుంది.

చివర్లో హెస్టర్ చెయ్యెత్తింది. కౌన్సిల్ పంపిన కుర్ర ఇంజినీరు గొంతు సవరించుకుని, "చెప్పండమ్మా" అన్నాడు.

"తారు మీద అడుగులు నిలుస్తాయా నాయనా?"

ఇంజినీరు తన కాగితాలు తిరగేశాడు. అందులో ఉండదని తెలిసినా మర్యాద కోసం తిరగేశాడు. "నిలవవమ్మా. తారు వేడి పట్టుకుంటుంది. మంచు కురిసినా గడ్డి మీద నిలిచినట్టు నిలవదు. నేను అబద్ధం చెప్పను."

హెస్టర్ థాంక్స్ చెప్పి కూర్చుంది. పక్కనే ఉన్న బ్రయొనీ ఆమె వంక తిరిగి చూసింది. పార్క్ అండ్ రైడ్ కావాలని మరి ఆ సాయంత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

*

మర్నాడు స్నెల్ ఫారాల కట్టతో హెస్టర్ ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"హెస్టర్ గారూ, మన దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. ఒక దారిన జనం ఇరవై ఏళ్ళు విడవకుండా నడిస్తే అది అందరి దారీ అయిపోతుంది. సొంతదారుకు కూడా మూసే హక్కు ఉండదు. మేమంతా ఏదో ఎండ కాసినప్పుడు నడిచినవాళ్ళం. ఏడాది పొడుగునా వానా వరదా అనకుండా నడిచింది క్లెమ్ ఒక్కడే. ఎన్నేళ్ళు?"

"ఈ ఊరొచ్చింది మొదలు పోయేదాకా పదిహేడు."

"పోయాక?"

"నాలుగు."

"ఇరవై ఒకటి!" స్నెల్ బల్ల మీద కొట్టిన దెబ్బకు కప్పులు గలగల్లాడాయి. "చట్టంలో నడిచినవాడు అని ఉందిగానీ, బతికున్నవాడు అని ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. దారి తేలిందా, వాళ్ళు నోరు మూసుకుని ఇటుకబట్టీలకు పోతారు. మీ అడుగులు మీకుంటాయి."

జిల్లా ఆఫీసుకు రాసి అడిగితే, వాళ్ళు పట్టిన పేచీ ఒక్కటే. 'నడిచిన వ్యక్తి సంతకం' అన్నచోట ఎవరు చేస్తారు అని. భార్య చేస్తే సరిపోతుందని వాళ్ళే మళ్ళీ రాశారు. స్నెల్ మళ్ళీ ఇంటికొచ్చి, ఆ కాగితం చూపించి కలం తీసిచ్చాడు.

"ఒక్కటే గండం" అన్నాడు. "సొంతదారు అనుమతితో నడిస్తే అది హక్కు కాదు, ఆయన దయ. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి అనుమతి అడిగినా, మొత్తం కేసు నీళ్ళపాలే. క్లెమ్ ఎప్పుడూ ఎవరినీ అడిగుండడు కదూ?"

హెస్టర్ ఆయన కప్పువంక చూసింది. "ఇంకొంచెం టీ పొయ్యనా?"

"కొంచెం పోయండి" అన్నాడు స్నెల్, ఫారాలు సర్దుకుంటూ.

అడిగుండకపోవడమా! క్లెమ్ అడగకుండా ఎవరి కంచెలోనూ ఒక బెర్రీ కూడా కోసి ఎరగడు. ప్రతి కొత్త సంవత్సరం నాడు పొద్దున్నే, హెస్టర్ వెనిగర్‌లో ఊరేసిన చిన్నుల్లిపాయల సీసా ఒకటి చంకన పెట్టుకుని, కోకిలదొడ్డి సొంతదారు ఫెన్‌విక్ ముసలాయన ఇంటికి వెళ్ళేవాడు. టోపీ తీసి గుమ్మంలో నిలబడి, "ఈ ఏడాది కూడా మీ పొలంలో నడవమంటారా?" అని అడిగేవాడు. ముసలాయన సీసా అందుకుని, "నడువు. గేటు వెయ్యి" అనేవాడు. మొత్తం సంభాషణ అంతే. పదిహేడేళ్ళు, పదిహేడు సీసాలు. "సగం ఊరు అడక్కుండానే తిరుగుతోంది, నీకెందుకయ్యా ఈ తంటా?" అని హెస్టర్ అంటే, "అడిగితే పోయేదేముంది హెట్టీ, నడక తేలిగ్గా ఉంటుంది" అనేవాడు.

క్లెమ్ పోయిన రెండేళ్ళకు ఫెన్‌విక్ కూడా పోయాడు. ఈ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు హెస్టర్ ఒక్కతే.

ఆమె సంతకం చేసింది. ఆ క్షణంలో తనకు సిగ్గేసిందని తర్వాత నాతో తనే చెప్పింది. ఊరగాయ సీసాకు మూత బిగించినట్టు నోటికి మూత బిగించుకుని మూడు నెలలు గడిపింది. ఊరంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. స్నెల్ భార్య కేకు పంపింది. చర్చిలో ముందు వరస ఖాళీ చేసి కూర్చోబెట్టారు. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి అడుగులు చూస్తున్నప్పుడు మాత్రం, ఇదివరకులా సంతోషం కలిగేది కాదు. పట్టుబడకుండా ఏదో దాచుకున్నట్టుండేది.

*

విచారణ మే నెలలో పెట్టారు, ఊరి హాల్లోనే, పొద్దున పదింటికి. ముందుగా విచారణాధికారిణి వచ్చి అడుగులు కళ్ళారా చూస్తానంది.

ఆ రోజు హెస్టర్ తెర లాగి చూస్తే, కోకిలదొడ్డిలో అడుగులు బస్ స్టాపు వైపు వెళ్ళలేదు.

పెరటి గేటు దగ్గర మొదలయ్యాయి. సగం దూరం మామూలుగానే వెళ్ళాయి. అక్కడ కాస్సేపు ఆగినట్టు గడ్డి నలిగింది. తర్వాత ఎడమకు తిరిగి, తిన్నగా ఫెన్‌విక్ ఇంటి వైపు వెళ్ళిపోయాయి. హెస్టర్ కెటిల్ కూతేస్తున్నా కట్టెయ్యడం మరచిపోయింది.

ఏడు కాకముందే ఫెన్‌విక్ కూతురు థియా వచ్చి తలుపు తట్టింది. యాభై దాటిన మనిషి, ఒంటరిది, మోకాళ్ళు రెండూ పాడై, ఇంక గొర్రెల్ని చూసుకోలేక పొలాన్ని కౌన్సిల్‌కు ఇస్తానన్నది ఆమే. ఊళ్ళో సగం మంది ఆమెతో మాటలు మానేశారు. బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చింది.

"హెస్టర్ గారూ, మీ ఆయన నా గుమ్మంలో నిలబడ్డాడు. గంటయింది. అడుగులు రెండూ పక్కపక్కన పెట్టి కదలడంలేదు. కోపంగా వచ్చాడా?"

"క్లెమ్‌కు కోపం రాదమ్మా."

"మరేం కావాలి? మీరు చెబితే అలాగే చేస్తాను. పొలం ఇవ్వద్దంటాడా? చెప్పండి, ఆయన మొహం చూసైనా మానుకుంటాను."

ఇక్కడే హెస్టర్ ఔనని ఉంటే సరిపోయేది. విచారణ అక్కర్లేదు, ఫారాలు అక్కర్లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పదిహేడేళ్ళు ఆ మనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ తీరు ఆమె కళ్ళకు కట్టింది. చనిపోయి కూడా అడగడానికి వెళ్ళినవాడి పేరు మీద, ఎప్పుడూ అడగలేదని తను సంతకం పెట్టింది.

"నీ పొలంలో నడవచ్చా అని అడుగుతున్నాడు" అంది. "మీ నాన్న పోయాక అది నీది కదా. ఇన్నాళ్ళూ నిన్నడగలేదని గుర్తొచ్చుంటుంది. ఏటేటా మీ నాన్ననూ అడిగేవాడు."

థియా లాయరు కూతురు కాకపోయినా రైతు కూతురు. ఆ మాటకు అర్థమేమిటో, ఆ రోజు పదింటికి దాని విలువేమిటో ఆమెకు వెంటనే తెలిసింది.

"నాన్న అల్మరాలో ఉల్లిపాయల సీసాలు..." అంది. "అవి మీవా?"

"నావే."

"ఆయనకి ఏమని చెప్పమంటారు?"

"నడవమను. గేటు వెయ్యమను."

థియా బూట్లు తొడుక్కుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "అక్కడ నా అంతట నేను ఈ సంగతి ఎత్తను" అని వెళ్ళిపోయింది. కాసేపటికి హెస్టర్ కిటికీలోంచి చూస్తుండగానే, ఫెన్‌విక్ గుమ్మం నుంచి బస్ స్టాపు వైపుకు కొత్త అడుగులు ఒక్కొక్కటే పడుతూ వెళ్ళాయి. గబగబా వేసినట్టున్నాయి, ఆలస్యమైన మనిషి వేసినట్టు.

హాల్లో విచారణాధికారిణి కళ్ళజోడు సవరించుకుని పొలంలో చూసొచ్చిన అడుగుల కొలతలు రాసుకుంది. ఎడమ మడమ గురించి రెండు ప్రశ్నలు వేసింది. తర్వాత అందరినీ అడిగే ప్రశ్నే హెస్టర్‌నూ అడిగింది. "మీ భర్త ఆ పొలంలో నడవడానికి ఎప్పుడైనా, ఎవరినైనా అనుమతి అడిగారా?"

స్నెల్ ధీమాగా వెనక్కి ఒరిగాడు.

"ఏటేటా అడిగేవాడండీ" అంది హెస్టర్. "ఇవాళ పొద్దున కూడా అడిగాడు. ఆ ఫారంలో నేను రాసింది తప్పు. కొట్టెయ్యండి."

హాల్లో పిడుగు పడ్డట్టయింది. స్నెల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "హెస్టర్ గారూ, ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా మీకు?"

"తెలుస్తోంది. క్లెమ్ దొంగదారిన నడిచినవాడు కాదు. ఆయన్ని నేను అట్లా చేశాను, నా దగ్గరుంచుకోవడానికి." అంతే, ఆమెకు ఏడుపొచ్చింది. అందరిముందూ, చేతిరుమాలు కూడా తీసుకోకుండా ఏడ్చింది. బ్రయొనీ వచ్చి భుజం పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

*

దారి తేలలేదు. కోకిలదొడ్డే ఖాయమైంది. ఊళ్ళో చాలామంది హెస్టర్‌ను చూసి వీధి అవతలికి దాటారు. కేకులు ఆగిపోయాయి. స్నెల్ ఎనిమిది నెలలు పలకరించలేదు. ఆ తర్వాత ఒక రోజు గేటు దగ్గర ఆగి, "నలభై ఏళ్ళ వృత్తిలో నా తరఫు సాక్షి నిజం చెప్పడం అదే మొదటిసారి" అని, తనే నవ్వేసి వెళ్ళాడు.

పొలం అప్పజెప్పేముందు థియా ఒక్క కోరిక కోరింది. కంచె వెంబడి రెండు గజాల వెడల్పున, హెస్టర్ పెరటి గేటు నుంచి కొత్త బస్ స్టాపు దాకా, పచ్చిక అలాగే ఉంచాలని. మిగతా అంతా తవ్వారు, రాళ్ళు పోశారు, తారు పరిచారు. పని సాగిన ఏడాదంతా క్లెమ్ అడుగులు ఆ పచ్చిక అంచునే పోయి, పనివాళ్ళు కట్టిన అడ్డుకంచె దగ్గర ఆగి నిలబడేవి. పనివాళ్ళలో ఒకాయన పొద్దున్నే వచ్చి, "ఇంకా కాలేదు తాతా" అని చెప్పేవాడట.

అక్టోబరులో ఒక సోమవారం తెరిచారు. ఆ తెల్లవారుజామున మంచు దట్టంగా కురిసింది. హెస్టర్ కిటికీలోంచి చూసింది. అడ్డుకంచె తీసేశారు. అడుగులు పెరటి గేటు నుంచి కంచె వెంబడి సాగి, మలుపు తిరిగి, కిటికీకి అందకుండా పోయాయి.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ వేళప్పుడు ఆమె కిటికీ వదిలి బయటికొచ్చింది. నైటీ మీదే కోటు వేసుకుంది. అడుగుల పక్కనే, వాటిని తొక్కకుండా, కొత్త బస్ స్టాపు దాకా నడిచింది. బ్రయొనీ అప్పటికే అక్కడ నిలబడి ఉంది, నర్సు బట్టల మీద స్కార్ఫు చుట్టుకుని.

హెస్టర్ గడ్డి అంచున వంగి చూసింది. పక్కపక్కన నిలబడ్డ రెండు అడుగులు లేవు. నలిగిన గడ్డి లేదు. చివరి గుర్తు కుడికాలిది ఒక్కటే. దాని పక్కన ఎడమకాలిది లేదు.

"మొదటి బస్సు వెళ్ళిపోయిందా?" అని అడిగింది.

"ఇందాకే. నేను కార్ల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చేలోపు కదిలిపోయింది" అంది బ్రయొనీ. తర్వాత నెమ్మదిగా, "ఖాళీ బస్సేనండీ. డ్రైవరు తలుపు తీశాడు. ఎవరో మెట్టెక్కడానికి టైమిచ్చినట్టు కాస్త ఆగాడు. మూసుకుని పోయాడు" అంది.

హెస్టర్ ఆ ఒక్క అడుగునూ చూస్తూ నిలబడింది. రేపు పొద్దున కిటికీ అవతల ఉత్త మంచే ఉంటుందని ఆమెకు తెలుసు. కానీ ఇన్నేళ్ళపాటు, రాని బస్సు కోసం ఆ మనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడే, ఆ బాధ ముందు ఇదెంత అనిపించింది.

"తర్వాతి బస్సెప్పుడు?"

"పది నిమిషాల్లో. ఎందుకూ?"

"ఉండు" అంది హెస్టర్. ఇంటికెళ్ళి నైటీ మార్చుకుంది. టీపొడి డబ్బా వెనక నుంచి పాసు తీసుకుంది. అల్మరాలోంచి చిన్నుల్లిపాయల సీసా ఒకటి డోర్కస్ కోసం తీసి సంచిలో పెట్టుకుంది. పెరటి గేటు దాటి, వెనక్కి తిరిగి, గొళ్ళెం వేసింది.

బస్సు వచ్చి ఆగింది. బ్రయొనీ ముందెక్కింది. హెస్టర్ గడ్డి అంచున కుడికాలు మోపింది, సరిగ్గా ఆ గుర్తు మీద. ఎడమకాలు మెట్టు మీదికి ఎత్తింది. డ్రైవరు ఆమె పాసు తీసుకుని, ఫొటో వంకా ఆమె వంకా చూసి, "కొత్తగా ఉందేంటమ్మా, ఎప్పుడూ వాడలేదా?" అన్నాడు.

"లేదు నాయనా" అంది హెస్టర్. "ఆస్పత్రి పక్క వీధిలో దింపు. మా చెల్లెలుంది అక్కడ."